వెబ్ ప్రాక్సీ క్యాష్ అంచెలు – బ్రౌజర్ రీలోడ్

బ్రౌజర్‌కూ, పేజీ అసలు ఉండే మూల సర్వర్‌కూ నడుమ ఒకదాని వెనక ఒకటిగా నిలబడి, తమ గుండా వెళ్ళిన పేజీల నకళ్ళను దాచి మళ్ళీ అడిగినవారికి అందించే ప్రాక్సీ సర్వర్ల వరుసను క్యాష్ అంచెలు అంటారు. కాలేజీలో ఒకటి, దాని పైన ఇంటర్నెట్ సంస్థలో ఒకటి, ఆ పైన దేశం మొత్తానికి ఒకటి, ఇలా మూడు నాలుగు మెట్లు ఉండేవి. వీటన్నిటి గురించీ ఏమీ తెలియని పాఠకుడి చేతిలో ఉన్న సాధనం ఒక్కటే, రీలోడ్ మీట. దాన్ని నొక్కితే దారిలోని నకళ్ళన్నీ పక్కకు తప్పుకుని, మూల సర్వర్ నుంచి తాజా పేజీ రావాలన్నది వెబ్ ప్రమాణాల తొలి ఉద్దేశం. ఆచరణలో ఆ మీట చెల్లుబాటు క్రమంగా తగ్గింది. 1990లలో ఆజ్ఞగా పుట్టిన రీలోడ్, 2022 నాటి ప్రమాణంలో విన్నపంగా మిగిలింది.

పుట్టుక

ప్రాక్సీలో నకళ్ళు దాచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది జెనీవాలోని సెర్న్ సంస్థ సర్వర్ సాఫ్ట్‌వేర్. దాని గురించి ఆరి లువొటొనెన్, కెవిన్ ఆల్టిస్ 1994లో వ్యాసం రాశారు. ప్రాక్సీలను మెట్లుమెట్లుగా పేర్చే ఆలోచనకు రూపం ఇచ్చింది అమెరికాలోని కొలరాడో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చేపట్టిన హార్వెస్ట్ ప్రాజెక్టు. పీటర్ డాంజిగ్, మైకేల్ ష్వార్ట్జ్ తదితరులు ఈ అంచెల నిర్మాణాన్ని 1996 యూజ్‌నిక్స్ సదస్సు పత్రంలో వివరించారు. అదే సంవత్సరం హార్వెస్ట్ కోడ్ నుంచి డ్వేన్ వెస్సెల్స్ విడదీసి పెంచిన ఉచిత సాఫ్ట్‌వేరే స్క్విడ్. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో ఎన్‌ఎల్‌ఏఎన్‌ఆర్ అనే పరిశోధన సంస్థ శాన్ డియేగో, పిట్స్‌బర్గ్, బౌల్డర్ వంటి చోట్ల పై అంచె క్యాష్‌లను నడిపింది. ఇతర దేశాల క్యాష్‌లు కూడా వాటికి కింద చేరాయి.

ఇంత ఏర్పాటుకూ కారణం డబ్బు. అప్పట్లో సముద్రం అడుగు కేబుళ్ళ మీద, ఉపగ్రహాల మీద వచ్చే ప్రతి మెగాబైటూ ఖరీదే. బ్రిటన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ జానెట్, అమెరికా నుంచి వచ్చే డేటా భారం తగ్గించుకోవడానికి జాతీయ వెబ్ క్యాష్‌నే నడిపింది. ఒకే పేజీని వందమంది చూస్తే అది సముద్రం ఒక్కసారే దాటాలన్నది లెక్క. మన దేశంలోనూ ఇదే అవసరం చాలా కాలం ఉంది. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో కూర్చుని బ్రౌజర్ సెట్టింగుల్లో ప్రాక్సీ చిరునామా, దాని పక్కన 3128 అనే పోర్టు సంఖ్య కొట్టిన తెలుగు విద్యార్థులు ఎందరో. అది స్క్విడ్ స్వతహాగా వాడే పోర్టు.

పేరెంట్, సిబ్లింగ్

అంచెల్లో రెండు రకాల చుట్టరికాలున్నాయి. పై మెట్టులో ఉన్న ప్రాక్సీ పేరెంట్. తన దగ్గర లేని పేజీని సైతం అది మూల సర్వర్ నుంచి తెచ్చి ఇస్తుంది. సమాన స్థాయిలో ఉన్నది సిబ్లింగ్. తన దగ్గర ఉంటే ఇస్తుంది, లేకపోతే తెచ్చిపెట్టే బాధ్యత దానికి లేదు. పక్క కాలేజీ ఇంటర్నెట్ బిల్లు మనం ఎందుకు కట్టాలన్న ప్రశ్నే ఈ తేడాకు మూలం.

ఎవరి దగ్గర ఏముందో ఆరా తీయడానికి ఐసీపీ అనే చిన్న ప్రోటోకాల్ వాడేవారు. 1997 సెప్టెంబరులో, ఆర్‌ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో 2186, 2187గా వెలువడిన ఈ పద్ధతిలో, ఒక ప్రాక్సీ తన ఇరుగుపొరుగుకు యూడీపీ పొట్లం పంపి ‘ఈ చిరునామా పేజీ మీ దగ్గర ఉందా’ అని అడుగుతుంది. ఉంటే హిట్, లేకపోతే మిస్ అని జవాబు. దీని లోపం ఒక్కటే, కానీ పెద్దది. ఐసీపీ ప్రశ్నలో పేజీ చిరునామా మాత్రమే ఉంటుంది, రిక్వెస్టు షరతులను మోసే హెచ్‌టీటీపీ హెడర్లు ఉండవు. అడిగినవాడికి ఎంత తాజాది కావాలో సిబ్లింగ్‌కు తెలిసే వీలు లేదు. ఉందని చెప్పి, తీరా అసలు రిక్వెస్టు వచ్చాక ఆ నకలు పనికిరాదని తేలడాన్ని తప్పుడు హిట్ అంటారు. ఈ చిక్కును తప్పించడానికి స్క్విడ్ సిబ్లింగ్‌కు పంపే రిక్వెస్టులో ‘ఓన్లీ-ఇఫ్-క్యాష్డ్’ అనే షరతు జోడిస్తుంది. ఉంటేనే ఇవ్వు, లేకపోతే 504 అనే లోపం సంఖ్య చెప్పి వదిలేయి అని దాని భావం. ఐసీపీ తర్వాత క్యాష్ డైజెస్టులు, కార్ప్, హెచ్‌టీసీపీ వంటి పద్ధతులు వచ్చాయి. వీటిలో ప్రశ్నతో పాటు హెచ్‌టీటీపీ హెడర్లను కూడా మోయగలిగినది 2000 నాటి హెచ్‌టీసీపీ.

తాజాదనం లెక్క

రీలోడ్ ఎందుకు కావాలో తెలియాలంటే, రీలోడ్ లేనప్పుడు ప్రాక్సీ ఏం చేస్తుందో చూడాలి. ఫలానా కాలం వరకు ఈ పేజీ చెల్లుతుందని మూల సర్వర్ చెబితే సమస్య లేదు. చాలా సర్వర్లు అలా చెప్పవు. అప్పుడు ప్రాక్సీ ఊహించుకోవాలి. స్క్విడ్ ఊహ ఇది: చాలాకాలంగా మారని పేజీ ఇంకొంత కాలం మారకపోవచ్చు. దాని మామూలు సెట్టింగులో 20 శాతం, 4320 నిమిషాలు అనే రెండు అంకెలుంటాయి. పేజీ నకలు తీసుకునేటప్పటికి అది మారి పది రోజులైతే, అందులో 20 శాతం, అంటే రెండు రోజులు ఆ నకలును తాజాగా లెక్కిస్తుంది. మారి ఏడాదైనా సరే మూడు రోజులకు, అంటే 4320 నిమిషాలకు మించదు. స్క్విడ్ పై అంచెకు పంపే మామూలు రిక్వెస్టులో తరచు కనిపించే ‘మ్యాక్స్-ఏజ్=259200’ అన్న హెడర్ ఈ మూడు రోజులే, సెకన్లలో.

ఊహ అన్నాక తప్పుతుంది. నిన్న మధ్యాహ్నం మారిన పరీక్ష ఫలితాల పేజీకి ఎల్లుండి దాకా పాత నకలే వస్తుంటే విద్యార్థి ఏం చేస్తాడు? పైగా అంచెలు పెరిగే కొద్దీ తప్పు కూడా పోగవుతుంది. కింది ప్రాక్సీ తన నకలు పాతబడిందని గ్రహించి, ‘ఫలానా తేదీ తర్వాత మారిందా’ అని పేరెంట్‌ను అడుగుతుంది. పేరెంట్ తన నకలు ఇంకా తాజాదే అనుకుంటే, మూల సర్వర్‌ను కదిలించకుండానే ‘మారలేదు’ అని 304 జవాబు ఇచ్చేస్తుంది. ఇద్దరూ కలిసి పాతదాన్నే కొత్తదని నమ్ముతారు. హెచ్‌టీటీపీ 1.0లో నకలు వయసు చెప్పే ఏర్పాటే లేదు. 1997లో వచ్చిన 1.1 ప్రమాణం ఏజ్ హెడర్ చేర్చాకే, పై అంచెలో పేజీ ఎంతసేపు నిలవ ఉందో కింది అంచెకు తెలిసింది.

రీలోడ్ మీట పంపే మాట

లింకు నొక్కి పేజీ తెరిచినప్పుడు బ్రౌజర్ ఏ షరతూ పెట్టదు. మామూలు రీలోడ్‌లో ‘క్యాష్-కంట్రోల్: మ్యాక్స్-ఏజ్=0’ పంపుతుంది. అంటే నకలు ఎంత కొత్తదైనా మూల సర్వర్ దగ్గర సరిచూడకుండా ఇవ్వకూడదు. సరిచూశాక మారలేదని తేలితే పాత నకలే చాలు. షిఫ్ట్ పట్టుకుని రీలోడ్ చేసినా, కంట్రోల్-ఎఫ్5 నొక్కినా ‘నో-క్యాష్’ వెళుతుంది. దీనికి మొత్తం పేజీ మూల సర్వర్ నుంచే కొత్తగా రావాలి. పాత ప్రాక్సీలకు కూడా అర్థం కావాలని బ్రౌజర్లు ‘ప్రాగ్మా: నో-క్యాష్’ అన్న హెచ్‌టీటీపీ 1.0 నాటి హెడర్‌ను కూడా జతచేస్తాయి. 1.0లో ఉన్న ఆయుధం అదొక్కటే. సరిచూడడానికీ, పూర్తిగా తెప్పించుకోవడానికీ అప్పట్లో స్పష్టమైన తేడా లేదు. అందుకే ఆ రోజుల్లో ఒక రీలోడ్ నొక్కుడుకు అన్ని అంచెలూ దాటి మొత్తం పేజీ సముద్రం మీదుగా మళ్ళీ వచ్చే సందర్భాలుండేవి.

1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2616 ఈ రెంటినీ వేరుచేసి, దారిలోని ప్రతి క్యాష్ వీటిని పాటించి తీరాలని రాసింది. సరిచూపు అంచెల గుండా ఎలా సాగాలో ఆ పత్రంలో ఉన్న వివరణ చాలా తెలివైనది, కాస్త దగ్గరగా చూడదగ్గది. ఒక పేజీకి వరుసగా అ, ఆ, ఇ అనే మూడు కూర్పులు వచ్చాయనుకుందాం. మూల సర్వర్‌లో ఉన్నది ఇ. బ్రౌజర్‌లో అ, కాలేజీ ప్రాక్సీలో ఆ, పేరెంట్‌లో ఇ ఉన్నాయి. పాఠకుడు మామూలు రీలోడ్ నొక్కాడు. బ్రౌజర్ తన దగ్గరున్న కూర్పు అ అని తెలిపే గుర్తును మ్యాక్స్-ఏజ్=0తో కలిపి పంపింది. కాలేజీ ప్రాక్సీ బ్రౌజర్ పంపిన అ గుర్తును యథాతథంగా పైకి తోయవచ్చు, కానీ దానికి బదులు తన సొంత గుర్తు ఆ పెట్టి అడగడం మేలు. పేరెంట్ కూడా అలాగే తన గుర్తు ఇ పెట్టి మూల సర్వర్‌ను అడుగుతుంది. మారలేదు, 304. ఖరీదైన విదేశీ లైను మీద కదిలినవి కాసిని హెడర్లు మాత్రమే. ఇప్పుడు పేరెంట్, కాలేజీ పంపిన ఆను తన ఇతో పోల్చి, వేరు కాబట్టి మొత్తం పేజీని 200 జవాబుగా దించుతుంది. కాలేజీ ప్రాక్సీ దాన్ని దాచుకుని, బ్రౌజర్ చెప్పిన అతో పోల్చి, అదీ వేరే కాబట్టి మొత్తం పేజీ ఇస్తుంది. ఒకవేళ బ్రౌజర్‌లో ముందే ఇ ఉండి ఉంటే, కాలేజీ ప్రాక్సీ తాను పేజీ అంతా తెచ్చుకుని కూడా బ్రౌజర్‌కు 304 అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ప్రతి మెట్టూ తన పైవాడితో ఒక లెక్క, కిందివాడితో ఒక లెక్క విడివిడిగా తేల్చుకుంటుందన్నమాట. అదే కంట్రోల్-ఎఫ్5 అయితే ఈ పోలికలేవీ ఉండవు, మూల సర్వర్ నుంచి ప్రతి మెట్టు గుండా పూర్తి పేజీ ప్రవహిస్తుంది.

రీలోడ్ రిక్వెస్టు వచ్చినప్పుడు స్క్విడ్ సిబ్లింగ్‌ల వంక చూడదు. తాజాది కావాలన్నవాడికి పక్కింటి నకలు తెచ్చి ఇవ్వడంలో అర్థం లేదు కాబట్టి, నో-క్యాష్ అన్నవాటినీ, సరిచూడవలసినవాటినీ సిబ్లింగ్‌లకు పంపకుండా దాని కోడ్‌లోనే అడ్డుకట్ట ఉంది. పేరెంట్‌కు మాత్రం పంపుతుంది. దీనివల్ల ఒక విచిత్రం. ఒక్క విద్యార్థి చేసిన రీలోడ్ వల్ల అతని కాలేజీ ప్రాక్సీలోనూ, పేరెంట్‌లోనూ నకలు కొత్తదవుతుంది, ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ తాజా పేజీ దొరుకుతుంది. పక్క కాలేజీ సిబ్లింగ్‌లో పాతది అలాగే ఉంటుంది. ఒకే ఊళ్ళో ఇద్దరు మిత్రులు ఒకే చిరునామా తెరిచి వేర్వేరు పేజీలు చూడడం అంచెల కాలంలో వింతేమీ కాదు.

రీలోడ్‌కు స్క్విడ్‌లో పెద్దగా ఎవరికీ తెలియని ఇంకో పని కూడా ఉంది. ఆ సైటు పేరుకు ఐపీ చిరునామా దొరకలేదని ముందు రాసిపెట్టుకున్న డీఎన్‌ఎస్ వైఫల్యాన్ని కూడా అది చెరిపేస్తుంది. పాత స్క్విడ్ ‘పేజీ లేదు’ అనే 404 జవాబులను సైతం ఐదు నిమిషాలు దాచేది. సర్వర్ బాగుపడినా తప్పు సందేశమే వస్తూ, రీలోడ్ కొడితే గానీ వదిలేది కాదు.

ప్రాక్సీని నడిపే అడ్మిన్ తన లాగ్ ఫైలులో ఇవన్నీ చదువుకోవచ్చు. దాచినది దాచినట్టే ఇస్తే టీసీపీ_హిట్, పాఠకుడే నో-క్యాష్ అంటే టీసీపీ_క్లయింట్_రిఫ్రెష్_మిస్ అని పడుతుంది. పాతబడ్డ నకలును సరిచూడబోయి మూల సర్వర్ అందకపోతే, ఉన్న పాతదాన్నే ఇచ్చి ఆ సంగతినీ వేరే గుర్తుతో నమోదు చేస్తుంది.

బ్రౌజర్ల తప్పుకు కూడా ఇక్కడ చోటు ఉంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 సర్వీస్ ప్యాక్ 1కు ముందు కూర్పులు, తమ ముందు ప్రాక్సీ ఉందని తెలిస్తేనే రీలోడ్‌ను సరిగ్గా పంపేవి. ఇంటర్నెట్ సంస్థలు చెప్పాపెట్టకుండా దారిలో ప్రాక్సీ కాపు కాయించినప్పుడు ఆ సంగతి బ్రౌజర్‌కు తెలియదు. పాఠకుడు ఎన్నిసార్లు నొక్కినా ప్రాక్సీని కదిలించే దారి లేదు. దీనికోసం స్క్విడ్ ‘ఐఈ_రిఫ్రెష్’ అనే ప్రత్యేక సెట్టింగు పెట్టవలసి వచ్చింది. ఆ బ్రౌజర్ నుంచి ‘మారిందా’ అన్న ప్రశ్న వస్తే, దాన్ని రీలోడ్‌గా భావించి మూల సర్వర్‌కు వెళ్ళడం దాని పని.

అడ్మిన్ల ఎదురు వ్యూహం

బిల్లు కట్టేవాడికి రీలోడ్ మీట ఒక చిల్లు. పేజీ నెమ్మదిగా వస్తే అసహనంతో రీలోడ్ నొక్కడం మనిషి స్వభావం. లైను ఎంత రద్దీగా ఉంటే అంత ఎక్కువగా నొక్కుతారు, అంత రద్దీ పెరుగుతుంది. దీనికి విరుగుడుగా స్క్విడ్‌లో రెండు సెట్టింగులు వచ్చాయి. ‘రీలోడ్-ఇంటూ-ఐఎంఎస్’ పెడితే, పాఠకుడు పూర్తి పేజీ కావాలన్నా ప్రాక్సీ దాన్ని గుట్టుగా ‘మారిందా’ అన్న ప్రశ్నగా మార్చి పంపుతుంది. ‘ఇగ్నోర్-రీలోడ్’ పెడితే అసలు పట్టించుకోదు, దాచిన నకలే ఇస్తుంది. రెండూ ప్రమాణాన్ని ఉల్లంఘిస్తాయనీ, వాటివల్ల వచ్చే తిప్పలకు పెట్టినవాళ్ళే బాధ్యులనీ స్క్విడ్ పత్రాలు హెచ్చరిస్తాయి.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. మొదటిది మూల సర్వర్ మాటను గౌరవిస్తుంది, డేటా ఆదా చేస్తుంది. దాని ప్రమాదం పరిమితం: నకలు దిగుమతి మధ్యలో తెగి పాడైపోయి ఉంటే, మూల సర్వర్ ‘మారలేదు’ అంటూనే ఉంటుంది, పాడైన నకలే పాఠకుడికి చేరుతూ ఉంటుంది. అటువంటప్పుడు పూర్తి రీలోడ్ ఒక్కటే మందు, దాన్నే ఇది మూసేస్తుంది. రెండోది మాత్రం పాఠకుడి చేతిలోని ఒకే ఒక్క సాధనాన్ని అతనికి తెలియకుండా ఊడబీకడమే. ఫొటోల వంటి మారని ఫైళ్ళకు పరిమితం చేస్తే సర్దుకోవచ్చు, పేజీలకు పెడితే క్షమించరానిది.

సరిచూపుల భారం

డేటా చౌకయ్యాక ఇబ్బంది ఇంకో వైపు తిరిగింది. ఒక పేజీ అంటే పదుల కొద్దీ బొమ్మలు, స్క్రిప్టులు. మామూలు రీలోడ్‌లో బ్రౌజర్ వాటన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచూసేది, దాదాపు అన్నిటికీ 304 వచ్చేది. ఫేస్‌బుక్ వంటి పెద్ద సైట్లకు ఇది వృథా మోత. ఫైర్‌ఫాక్స్ 2016లో 49వ కూర్పుతో ‘ఇమ్యూటబుల్’ అనే గుర్తును అమలు చేసింది. ఈ ఫైలు గడువు లోపల ఎన్నటికీ మారదని సర్వర్ హామీ ఇస్తే, రీలోడ్‌లో కూడా దాన్ని సరిచూడనవసరం లేదు. 2017 సెప్టెంబరులో అది ఆర్‌ఎఫ్‌సీ 8246 అయింది. క్రోమ్ వేరే దారి తొక్కింది. 2017 జనవరిలో ప్రకటించిన మార్పుతో మామూలు రీలోడ్‌లో ప్రధాన పేజీని మాత్రమే సరిచూసి, మిగతావాటిని ఎప్పటిలా క్యాష్ నుంచి తీసుకోసాగింది. దీనివల్ల సరిచూపు రిక్వెస్టులు 60 శాతం తగ్గాయనీ, రీలోడ్ 28 శాతం వేగవంతమైందనీ గూగుల్ తెలిపింది. రీలోడ్ అన్న మాటకు అర్థం ఇక్కడ బ్రౌజర్‌లోనే కుదించుకుపోయింది, ప్రధాన పేజీ తప్ప మిగతావాటికి ప్రాక్సీ దాకా వెళ్ళే పనే లేకుండా.

నేటి అంచెలు

హెచ్‌టీటీపీఎస్ విస్తరించాక పాత తరహా అంచెల పని చాలావరకు అయిపోయింది. బ్రౌజర్ ‘కనెక్ట్’ ఆదేశంతో ప్రాక్సీ గుండా గుప్తమైన సొరంగం వేసుకుంటుంది. లోపల ఏ పేజీ వెళుతోందో, అది రీలోడో కాదో కాలేజీ ప్రాక్సీకి కనపడదు, కాబట్టి దాచలేదు. అంచెలు మాయం కాలేదు, అవతలి ఒడ్డుకు మారాయి. 1998లో టామ్ లైటన్, డానీ లూయిన్ స్థాపించిన అకమాయ్‌తో మొదలై క్లౌడ్‌ఫ్లేర్, ఫాస్ట్‌లీ వంటి సంస్థల వరకు, పాఠకుడికి దగ్గరగా అంచు సర్వర్లూ, వాటి వెనక మూల సర్వర్‌ను కాచే పై అంచె క్యాష్‌లూ ఉన్నాయి. పేరెంట్ అన్న భావన అదే, యజమాని మారాడు. అప్పుడు క్యాష్‌ను నడిపింది పాఠకుల తరఫువాళ్ళు, ఇప్పుడు సైటు తరఫువాళ్ళు.

యజమాని మారగానే రీలోడ్ విలువా మారింది. పోల్-హెన్నింగ్ కాంప్ 2006లో నార్వే పత్రిక వేగే కోసం రాసిన వార్నిష్, పాఠకుడు పంపే నో-క్యాష్‌ను స్వతహాగా లెక్కచేయదు. ఇగోర్ సిసోయెవ్ రాసిన ఎన్‌జింక్స్ కూడా అంతే. రీలోడ్‌ను పాటించాలంటే ‘ప్రాక్సీ_క్యాష్_బైపాస్’ అన్న వాక్యంలో ఆ హెడర్‌ను అడ్మిన్ స్వయంగా రాసుకోవాలి. ఇందులో అన్యాయమేమీ లేదు. పాఠకుడి మాటకు ప్రతిసారీ తలొగ్గితే, వెయ్యి యంత్రాలతో రీలోడ్ కొట్టించి మూల సర్వర్‌ను కూలదోయడం ఎవరికైనా సాధ్యమే. పేజీ మారినప్పుడు పాత నకలును తొలగించమని క్యాష్‌కు చెప్పడం సైటు యజమాని చేతిలోనే ఉంది కాబట్టి, పాఠకుడికి ఆ అధికారం లేకపోయినా పెద్దగా నష్టం లేదు. యజమాని ఆ పని మరిచిపోయినప్పుడే చిక్కు.

2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7234 వరకు క్యాష్‌లు ఈ ఆదేశాలకు లోబడి తీరాలన్న మాటే ఉంది. 2022 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9111, రిక్వెస్టులో వచ్చే క్యాష్ ఆదేశాలు సలహాలు మాత్రమేననీ, అమలు చేయడం క్యాష్ ఇష్టమనీ ఒప్పుకుంది. ఆచరణలో ఎప్పుడో జరిగిపోయినదాన్ని ప్రమాణం ఆలస్యంగా రాసుకుంది.

కంట్రోల్-ఎఫ్5 నొక్కినా పాత పేజీయే వస్తోందని అనుమానం ఉన్నవారు బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో జవాబు హెడర్లు చూడవచ్చు. ఏజ్ అన్న హెడర్ ఉందంటే, ఆ జవాబును ఈ రిక్వెస్టు కోసం మూల సర్వర్ తయారు చేయలేదు, సరిచూడనూ లేదు. ఆ హెడర్ లేనంత మాత్రాన మూల సర్వర్ నుంచే వచ్చిందని నమ్మడానికి లేదు.